తిరువారూరు అని పడ్డ తిరువూరు

పద్నాలుగేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. మాట చిన్నదే. "లేదమ్మా." అంతే. రోజుకి పదిసార్లు అనే మాట అది. చిల్లర అడిగిన కండక్టరుతో అంటాం, చందా అడిగిన పిల్లలతో అంటాం, మర్చిపోతాం. నేను అన్నప్పుడు మాత్రం ఎదురుగా ఉన్న మనిషి దాన్ని నమ్మింది. నమ్మి, బస్సెక్కి ఇంటికి వెళ్లి, అక్కడ ఎదురుచూస్తున్న ఇంకో మనిషికి చెప్పింది. ఆ రెండో మనిషి చివరిదాకా అదే నిజమనుకుంది.

ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా. మీకెందుకు చెప్తున్నానంటే, మీరు నన్నెరగరు. పిరికితనమే అనుకోండి. తప్పు ఒప్పుకోవడానికి కూర్చుని కూడా ముఖం చాటేసే రకం నేను.

మాది తిరువూరు. ఇక్కడే ఒక కాలేజీలో తెలుగు పాఠం చెప్తాను. పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది. ఏటా కొత్తగా చేరిన పిల్లలకి ఒక గంట, యూనివర్సిటీ లైబ్రరీ క్యాటలాగులో పుస్తకం ఎలా వెతకాలో చెప్తాను. ఇప్పుడది ఫోన్లోనే చూసుకోవచ్చు. పిల్లలు ఒక మాట కొడతారు, ఏమీ రాదు, "లేదు సార్" అంటారు. అక్కడ నేను బల్ల మీద కొట్టి మరీ చెప్తాను. రాలేదంటే లేదని కాదురా! తెలుగు పేర్లని ఇంగ్లిషు అక్షరాల్లో ఎక్కించినవాడు ఎలా పలికాడో అలా ఎక్కించాడు. ఇంటిపేరు ముందు పెట్టాడో వెనక పెట్టాడో చూడండి. ఒక అక్షరం తీసి కొట్టండి, ఒకటి కలిపి కొట్టండి. పేరుతో దొరక్కపోతే విషయంతో వెతకండి, ఒకటి దొరికితే దాని నంబరు పట్టుకుని పక్కనున్నవి చూడండి. ఇన్ని చేశాక అనండి, లేదని.

పిల్లలు రాసుకుంటారు. మా సారు వెతికితే దొరకని పుస్తకం లేదని బయట చెప్పుకుంటారు కూడా. ఆ మాట విన్నరోజు అన్నం సహించదు నాకు. పొగిడితే కడుపు మండే మనిషిని ఎక్కడైనా చూశారా?

పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. నా విషయం మా తిరువూరు మెట్ట ప్రాంతపు వ్యవసాయం మాటలు. వరి, పత్తి, మామిడి పనుల్లో జనం వాడే మాటలన్నీ సేకరించాలి. మాకు పొలం ఉంది, కూలీలు వస్తారు, పుస్తకం పట్టుకుని గట్టు మీద కూర్చుంటే మాటలు వాటంతటవే వచ్చి పడతాయనుకున్నాను. రాలేదు. నేను వెళ్లగానే ఆడవాళ్లు చీరకుచ్చిళ్లు సర్దుకునేవాళ్లు. అడిగితే నవ్వేవాళ్లు. "మీకెందుకు బాబూ మా మాటలు" అనేవాళ్లు. బడిపుస్తకంలో ఉండే మాటలు నాలుగు చెప్పి పంపేవాళ్లు. రెండేళ్లు తిరిగాను. నా దగ్గర చేరిందంతా ఎవరికైనా తెలిసిన సరుకే. మా గైడు గారు అది చూసి, "ఇందులో పొలం వాసనే లేదేంటయ్యా" అన్నారు.

ఫెలోషిప్ లేని నాలాంటి వాళ్లకి లైబ్రరీలో రోజుకి మూడుగంటల పని ఇచ్చేవాళ్లు. క్యాటలాగు కంప్యూటరు ముందు కూర్చుని, వచ్చినవాళ్లకి పుస్తకాలు వెతికిపెట్టాలి. ఖాళీగా ఉన్న ఒక మధ్యాహ్నం, తెలుగు శాఖ పాత ఎమ్.ఫిల్. పరిశోధనలన్నీ విషయం పట్టుకుని చూస్తూ పోయాను. ఒకచోట కన్ను ఆగింది. తిరువారూరు ప్రాంత శ్రామికుల మాటలు, పాటలు అని ఉంది. తిరువారూరు తమిళనాడులో ఊరు. తెలుగు శాఖవాళ్లు అక్కడిదాకా ఎందుకెళ్లారు? చీటీ రాసిచ్చి తెప్పించుకున్నాను.

నల్ల అట్ట. మొదటి పేజీలోనే తెలుగులో స్పష్టంగా ఉంది, తిరువూరు అని. పాత కార్డుల్లోంచి కంప్యూటరులోకి ఎక్కించిన మనిషెవరో, మా ఊరిపేరు ఎన్నడూ వినలేదు కాబోలు, కార్డు మీద తప్పు పడిందనుకుని తనకు తెలిసిన ఊరిగా దిద్దేశాడు. పాపం, మంచి చేస్తున్నాననే అనుకుని ఉంటాడు.

రాసినాయన దానియేలు గారు. వినగడపలో ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. అప్పటికే పోయారు. కృతజ్ఞతల పేజీలో యూనివర్సిటీ పెద్దల పేర్లన్నీ అయ్యాక చివర ఇలా ఉంది: "ఈ మాటలు నావి కావు. నా భార్య సువార్తమ్మవి. ఆమె నాటు వేస్తూ చెప్పింది. నేను గట్టున కూర్చుని రాసుకున్నాను."

నేనూ గట్టునే కూర్చున్నాను కదా. నాకెందుకు చెప్పలేదు? ఆ ప్రశ్నకి జవాబు పుస్తకం లోపలే దొరికింది. ఆసామి గట్టెక్కి వస్తున్నాడని తెలియగానే ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే మాటట, "మబ్బేసిందే." చదివి ఉలిక్కిపడ్డాను. చిన్నప్పుడు మా నాన్న వెనకాల పొలానికి వెళ్లినప్పుడల్లా ఆ మాట విన్నాను నేను. విని, నిజంగానే తలెత్తి ఆకాశంలోకి చూశాను. ఎండ దంచేస్తూ ఉండేది.

అలాంటివి పుస్తకం నిండా ఉన్నాయి. నడుము నొప్పికి ఒక మాట, దొంగనిద్రకి ఒక మాట, కూలి తగ్గించి ఇచ్చే చేతికి ఒక పేరు. అవి నేను ఎత్తి రాసుకున్నాను. ఒక అధ్యాయం నిండింది. కింద ఒక్క లైను రాస్తే సరిపోయేది, ఇది దానియేలు గారి సేకరణ అని. అలా రాస్తే నా థీసిస్ ఆగేది కాదు. కాస్త సన్నబడేది. మరెందుకు రాయలేదు? రేపు రాద్దాం అనుకున్నాను, ఆ తర్వాత రేపు. ఈలోపు గైడు గారు ఆ అధ్యాయం చదివి, "ఇదయ్యా నేనడిగింది! ఎలా రాబట్టావు?" అని వీపు తట్టారు. "ఓపిగ్గా తిరిగానండి" అన్నాను. ఆ తర్వాత ఇక ఆ లైను ఎలా రాస్తాను? దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. క్యాటలాగులో తప్పు దిద్దించాల్సిన కుర్చీలో కూర్చున్నది నేనే. దిద్దించలేదు. ఆ ఒక్క తప్పూ అలాగే ఉంటే చాలు, తిరువూరు గురించి వెతికేవాడికి ఆ పుస్తకం కనపడదు.

థీసిస్ ఇచ్చెయ్యడానికి ఇంకో రెండు నెలలుందనగా ఆ అమ్మాయి వచ్చింది. నాకన్నా నాలుగైదేళ్లు చిన్నది. భుజాన బ్యాగు, చేతిలో మడతలు పడ్డ కాగితం. ఎవరో ఈ కుర్చీ చూపించి ఉంటారు.

"సార్, మా నాన్నగారి ఎమ్.ఫిల్. పుస్తకం ఇక్కడ ఉంటుందన్నారండి. కొంచెం చూసిపెడతారా?"

"ఏ ఊరమ్మా మీది?"

"వినగడపండి. తిరువూరు దగ్గర."

"మాదీ తిరువూరే," అన్నాను. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. ఆ అమ్మాయి ముఖం విప్పారింది.

"అమ్మయ్య! అయితే మనవాళ్లే దొరికారు. నా పేరు కరుణండి. మా నాన్న దానియేలు మాస్టారు."

ఆ అమ్మాయి చెప్పుకుంటూ పోతోంది.

"అమ్మ పేరు పుస్తకంలో అచ్చేయించానని నాన్న చెప్పేవారండి. అమ్మకి చదువు రాదు, ఇంట్లో ఉన్న కాపీ నాకు అక్షరాలు రాకముందే వానకి తడిసి ముద్దయిపోయింది. నాన్న పోయాక అమ్మకి అనుమానమొచ్చింది. కూలికెళ్లేదాని పేరు యూనివర్సిటీ పుస్తకంలో ఎవరేస్తారే, నన్ను మురిపించడానికి అన్నాడులే అంటదండి. ఆ ఒక్క పేజీ జిరాక్సు దొరికితే చాలండి, తీసుకెళ్లి చూపిస్తాను."

నేను కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను. తిరువూరు అని కొట్టాను. మా ఊరు బస్సు బోర్డు మీద ఎలా ఉంటుందో అలాగే, ఒక్క అక్షరం పోకుండా. ఏమీ రాలేదు. మానిటరు ఆమె వైపు తిప్పాను.

"లేదమ్మా."

"స్పెల్లింగేమైనా తప్పు పడిందేమో సార్?"

"మనూరి పేరు నాకు తెలీదా? చూడు, కరెక్టే కదా."

చూసింది. అక్షరాల మీద వేలు పెట్టి చదువుకుంది. "అవునులెండి," అని నవ్వింది. "నాన్న పేరుతో చూస్తారా పోనీ?"

క్యాటలాగులో ఆయన పేరు ఇంగ్లిషువాళ్ల పేరులా, చివర 'యు' లేకుండా ఉంది. నాకు తెలుసు. నేను మనం పిలిచినట్టే దా-ని-యే-లు అని పైకి చదువుతూ, ఆమెకి వినపడేలా ఒక్కొక్క అక్షరమే కొట్టాను. అదీ రాలేదు.

"పాతవి చాలా చెదలు పట్టి పోయాయమ్మా," అన్నాను.

"పోనీలెండి. ఇంత శ్రమపడి చూశారు, అది చాలు. లేదని అమ్మకి చెప్పేస్తాను." దణ్ణం పెట్టి వెళ్లింది.

ఆ క్షణాన్ని ఎన్నిసార్లు తిరగేసుకున్నానో చెప్పలేను. నేను ఒక్క తప్పు అక్షరం కూడా కొట్టలేదు చూడండి. అబద్ధమాడేవాడు తప్పు చెప్తాడు కదా, నేను ఒప్పు చెప్పి అబద్ధమాడాను. అందుకే చాన్నాళ్లు, అది అబద్ధమే కాదని నాకు నేను నచ్చజెప్పుకోగలిగాను. కంప్యూటరు లేదంది, నేనూ లేదన్నాను! ఎంత తెలివి. ఆమె వెళ్లాక మెట్లదాకా పరుగెత్తి ఉంటే సరిపోయేది. లేచాను కూడా. లేచి, నీళ్లు తాగి, మళ్లీ కూర్చున్నాను. పుస్తకం అప్పుడు పై అంతస్తులో, నేను పెట్టిన చోటే ఉంది.

మౌఖిక పరీక్షకి వచ్చిన పెద్దాయన "మబ్బేసిందే" అన్న మాట దగ్గర ఆగి, నవ్వి, "ఇది వినాలంటే వాళ్లలో ఒకడైపోవాలి. శభాష్" అన్నారు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. డాక్టరేటు వచ్చింది. దాంతోనే ఉద్యోగమూ వచ్చింది.

వినగడప ఎంత దూరమని! ఆటోలో వెళ్లొచ్చు. పద్నాలుగేళ్లలో ఒక్కసారి వెళ్లలేదు. వినగడప దగ్గర పెనుగొలనులో పెళ్లిభోజనానికి వెళ్లాల్సొచ్చినా, ఆ తల్లీకూతుళ్లు అక్కడికి వస్తారేమోనని కడుపునొప్పి వంక పెట్టి మానేశాను. నన్ను భయపెట్టింది పట్టుబడతానన్నదేనా? మొదట అదే. తర్వాత తర్వాత ఇంకోటి తెలిసొచ్చింది. మాస్టారు భార్యకి ఒక నిజం చెప్పి పోయాడు. నేను లేదన్న రోజున అది అబద్ధమైపోయింది. చచ్చిపోయిన మనిషి లేచొచ్చి నిజమేనని ఎలా చెప్తాడు? కాగితాల దొంగతనం కన్నా ఇది పెద్దది. దీనికి ఏ నిబంధనల్లోనూ పేరు లేదు.

కిందటి నెల స్టాఫ్‌రూమ్‌లో వినగడప నుంచి వచ్చే మా లెక్కల మాస్టారు నా చేతిలో ఒక కార్డు పెట్టాడు. జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక, తప్పక రమ్మని. నల్ల అంచు, నెరిసిన జుట్టుతో ఒకావిడ ఫొటో. కింద పెద్ద అక్షరాల్లో కీర్తిశేషులు సువార్తమ్మ గారు. ఆహ్వానించువారు అన్నచోట కరుణ. ఆయనకి వాళ్లు చుట్టాలట. "పెద్దావిడ హాయిగానే వెళ్లిపోయిందండి," అన్నాడు. "మొగుణ్ని తిట్టుకోవడం ఒక్కటే మానలేదు. పుస్తకంలో నీ పేరేశానని కోశాడమ్మా మా మాస్టారు, అని నవ్వేది చివరిదాకా."

ఆమె పేరు ఆ ఇంట్లోవాళ్లు అచ్చులో చూసింది ఆ కార్డు మీదే. అదీ ఆమె చూడకుండా. నేను క్లాసుకి వెళ్లలేదు. బాత్రూమ్‌లో గడియ పెట్టుకుని ఏడ్చాను. ఏడుపు ఆవిడ కోసమా, నా కోసమా? అది కూడా గట్టిగా చెప్పలేను.

కూడికకి వెళ్లలేదు. మర్నాడు విజయవాడ బస్సెక్కి, అక్కణ్ణుంచి యూనివర్సిటీకి వెళ్లి, మళ్లీ చీటీ రాసిచ్చాను. పుస్తకం వచ్చింది. ఆ పుస్తకం అడిగినవాళ్ల వరసలో నా సంతకం తప్ప ఇంకోటి లేదు. మొత్తం జిరాక్సు తీయించి కరుణకి పోస్టులో పంపాను, జరిగిందంతా రాసి, నా పేరూ ఫోన్ నంబరూ వేసి. అందినట్టు పోస్టాఫీసు మెసేజ్ వచ్చింది. పన్నెండు రోజులైంది. ఫోన్ రాలేదు. వస్తే ఏమంటుందో, రాకపోతేనే మేలేమో, నాకు తెలియదు. తిట్టడానికైనా చెయ్యాలని నేను ఆశించడం కూడా అత్యాశే. అమ్మ ఉండగా రావాల్సిన కాగితం అది. ఇప్పుడు దాన్ని ఆమె ఎవరికి చూపించాలి?

లైబ్రరీకి కూడా రాశాను, ఫలానా పుస్తకానికి ఊరి పేరు తప్పు పడింది, ఈ సంగతి నాకు పద్నాలుగేళ్లుగా తెలుసు అని. నిన్న దిద్దారు. నేను క్షమించమని అడగడం లేదు. అడగాల్సిన మనిషి లేదు. ఇదంతా రాశాక ఊపిరి కాస్త లోపలిదాకా వెళ్తోంది, అంతే. అలా వెళ్తున్నందుకు సిగ్గుగా కూడా ఉంది.

ఇక్కడ నా పేరు రాయలేదు. ఎంత ప్రయత్నించినా చెయ్యి రావడం లేదు. కానీ ఆ క్యాటలాగు ఎవరైనా చూడొచ్చు. తిరువూరు అని కొట్టండి. ఇప్పుడు రెండు వస్తాయి. పైది దానియేలు గారిది. కిందిది నాది.