తుడిచేసిన చార

నెబ్రాస్కాలో పెద్ద రోడ్డు పక్కన లారీలు ఆగే చోటుంది. దాని వెనక రేకుల షెడ్డు వెర్లిన్ హాడ్జ్‌ది. ముప్పై ఏళ్లుగా అతను చేసిన పని ఒక్కటే, లారీల అల్యూమినియం చక్రాలకు మెరుపు తేవడం. పూత లేని అల్యూమినియం వానకీ, మంచుకాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకీ నెల తిరక్కుండానే బూడిదరంగుకు దిగిపోతుంది. మెషీన్‌కి గుడ్డబిళ్ల బిగించి మెరుగుపెట్టే మసాలా రాసి రుద్దితే ముందు నల్లటి మడ్డి కారుతుంది. చివర గోధుమపిండి చల్లి తుడిస్తే అందులో మొహం చూసుకోవచ్చు. పెళ్లాం మొహం నెలకోసారి చూసే డ్రైవర్లు ఆ చక్రంలో తమ మొహం చూసుకుని మురిసిపోయేవారు.

వాళ్లలో క్లీటస్ వోబర్గ్ వెర్లిన్‌కి పాత దోస్తు. "నీ మొహం కనబడేదాకా రుద్దకురా, నా లారీ జడుసుకుంటుంది" అనేవాడు.

ఎనిమిదేళ్ల కిందట జూలైలో, లారీల అందాల పోటీకి రెండు రోజుల ముందు క్లీటస్ బండి తెచ్చి వదిలి వెళ్లాడు. ఆ వారమే చక్రాలు విప్పించి కొత్త టైర్లు వేయించాడు. ఎడమవైపు వెనక చక్రం మీద, ఒక నట్టు కింద నుంచి అంచు దాకా సన్నటి నల్లచార ఉంది. నట్టు వదులైతే లోపల ఒరుసుకుని అలాంటి చార కారుతుంది. లారీ తోలే ప్రతివాడూ పొద్దున్నే బండి చుట్టూ తిరిగి వెతికేవాటిలో అదొకటి. వెర్లిన్‌కీ తెలుసు. కానీ రోజంతా నల్లమడ్డిలో బతికేవాడికి మరో నల్లచార ఏపాటి? చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఇంకా ఆరు చక్రాలున్నాయి. తుడిచేశాడు.

మర్నాడు క్లీటస్ చక్రాలన్నీ చూసుకుని, మెచ్చుకుని బయల్దేరాడు. నలభై మైళ్లు పోయాక ఆ చక్రం ఊడి, రోడ్డు దాటి, ఎదురొచ్చే కారును కొట్టింది. కారులో ఉన్నావిడ బతికింది గానీ మళ్లీ నడవలేదు.

చూశానని, చార లేదని క్లీటస్ పోలీసులకు చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. కొన్నాళ్లకు తనను తనే నమ్మడం మానేశాడు. లారీ అమ్మేసి ధాన్యం గిడ్డంగి దగ్గర గేటు ఎత్తే పనిలో చేరాడు. కూతురు జనెల్ పిల్లల్ని అతని కారు ఎక్కనివ్వడం మానేసింది. ఒకసారి వెర్లిన్‌తో కాఫీ తాగుతూ క్లీటసే అన్నాడు. "చార ఉండే ఉంటుందిరా. నా కళ్లకే ఆనలేదు."

వెర్లిన్ కాఫీ చల్లారిపోయిందన్నాడు. చక్రం తుడిచింది పొరపాటు. ఆ మాటతో తప్పించుకోవడం పొరపాటు కాదు.

ఈ వసంతంలో మరో లారీ మీద అలాంటి చారే కనబడితే వెర్లిన్ డ్రైవర్ని పిలిచి చూపించాడు. అతను నట్టు బిగించి, చేతులు పట్టుకుని, ప్రాణాలు కాపాడావన్నాడు. ఆ ఆదివారం మధ్యాహ్నమే క్లీటస్ ఇంటికి వెళ్లాడు. క్లీటస్, జనెల్, పిల్లలు భోజనాల దగ్గరున్నారు.

"చార ఉంది, క్లీటస్. ముందురోజు నేనే తుడిచేశాను."

ఏ చార అని క్లీటస్ అడగలేదు. ఎనిమిదేళ్లుగా అతనికున్నది ఒకటే చార.

"అయితే నేను చూసినప్పుడు అక్కడ లేదన్నమాట."

"లేదు."

జనెల్ ఫోర్కు కింద పెట్టింది. "ఆ తర్వాత మీరు మా ఇంట్లో ఎన్నిసార్లు భోంచేశారు?" అని నెమ్మదిగా అడిగింది. ఆమె లేచి, సంచిలోంచి కారు తాళాలు తీసి తండ్రి కంచం పక్కన పెట్టింది. పిల్లలు ఐస్‌క్రీమ్ అడుగుతున్నారు, నువ్వే తీసుకెళ్లు నాన్నా అంది.

క్లీటస్ తాళాలను చాలాసేపు తడిమాడు.

"కంటి నరం దెబ్బతిందని డాక్టరు పోయినేడే చెప్పాడు తల్లీ. నీకు చెప్పలేదు. ఇప్పుడు నిజంగానే నా కళ్లకు ఆనడం లేదు." తర్వాత వెర్లిన్ నిలబడ్డ వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు. "కాస్త ముందు రావాల్సిందిరా."

పిల్లలు అప్పటికే బూట్లు తొడుక్కుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. జనెల్ తాళాలు తీసుకుని వాళ్లతో బయటికి నడిచింది.