అమ్మ చేతుల మీద బాణం

తొంభైల చివర్లో నారాయణపేటలోని ఒక చిన్న కంప్యూటర్ సెంటర్‌లో టైపింగ్ నేర్పేదాన్ని. మా బాపు మగ్గం మీద చీరలు నేసేవాడు. అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలకు దారం చుట్టేది. నేత అనగానే అందరికీ బాపే గుర్తొచ్చేవాడు.

ఆ రోజుల్లో మహబూబ్‌నగర్‌లో చేనేత ప్రదర్శన పెట్టారు. మా ఊరి నేతగాళ్లు చీర తయారయ్యే తీరును వీడియో తీయించారు. స్టాల్‌లో కంప్యూటర్ పెట్టి, ఆ వీడియో దానంతటదే మళ్లీ మళ్లీ ఆడేలా చూసే పని నాకిచ్చారు. అందులో అమ్మ కూడా ఉంది. ముఖం కనిపించదు, దారం పట్టిన చేతులే కనిపిస్తాయి.

మొదటి రోజే చిక్కొచ్చింది. మౌస్ బాణం తెర మధ్యలో తెల్లగా నిలబడింది. దాన్ని మూలకు తోసేదాన్ని. జనం బల్లకు ఆనుకోగానే మౌస్ కదిలి, బాణం మళ్లీ అమ్మ వేళ్ల మీదికి వచ్చేది. ఒకావిడ వంగి చూసి, "గీ తెల్లగ కనవడేది దారంల ముడా?" అని అడిగింది.

ప్రదర్శన చూడడానికి నాతో వచ్చి వెనక నిలబడ్డ అమ్మ చిన్నబోయింది. "నేను ముడి పడనియ్య బిడ్డా. గది తీసెయ్యరాదా?"

"చూస్త అమ్మా. జర ఆగు."

సెంటర్‌లో పిల్లలు బాణానికి బదులు చేపనో, పువ్వునో పెట్టి ఆడుకునేవాళ్లు. ఏ బొమ్మైనా పెట్టగలిగితే, ఏమీ లేని బొమ్మ ఎందుకు పెట్టకూడదు అనిపించింది. మధ్యాహ్నం జనం పలచబడ్డాక, బాణం బొమ్మను తెర మీద పెద్దది చేసి, అందులోని చిన్న చిన్న గళ్లన్నీ ఒక్కొక్కటిగా చెరిపేసి, ఆ ఖాళీనే బాణంగా పెట్టాను. తెర శుభ్రమైంది. తీరా వీడియో మళ్లీ మొదలయ్యేటప్పుడు, కాసేపు ఆగమని కంప్యూటర్ చూపే ఇసుక గడియారం బొమ్మ మెరిసింది. దాని స్థానంలోనూ ఖాళీనే పెట్టాను. ఇక ఆపాలన్నా, నడపాలన్నా కీబోర్డే దిక్కు.

సాయంత్రం జనం మళ్లీ చేరారు. అమ్మ మెల్లగా ముందుకొచ్చింది. దారం కండె మీదికి ఎక్కుతుంటే ఎవరో, "ఎంత సాఫ్‌గ పోతాంది" అన్నారు.

"గవి నా చేతులే" అంది అమ్మ, ఎవరూ అడగకముందే.

ఆ మాటతో ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరి ప్రశ్నలు మొదలుపెట్టారు. దారం తెగితే ఎట్లా, ఎప్పుడు నేర్చుకున్నావు అని. అమ్మ అన్నింటికీ నిదానంగా జవాబు చెప్పింది. మర్నాడు పొద్దున మా ఊళ్లో మేం మళ్లీ ప్రదర్శనకు బస్సెక్కబోతుంటే, స్టాల్ చూసే మా ఊరి పెద్దాయన బాపుతో, "ఇంట్ల రాట్నం గూడ తెండ్రి, వదినె అక్కడనే కూసోని చుడుతది" అన్నాడు. బాపు రాట్నాన్ని తానే భుజానికెత్తుకున్నాడు.