టీవీలో చూపిస్తే పంపుతానన్నాడు

నాది నంద్యాల. రోజూ బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్ళి, అక్కడి హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా పనిచేస్తున్నాను. ఒలింపిక్స్ జరిగిన ఏడాది మా పదో తరగతిలో ఒక అమ్మాయి నడక పోటీలో నన్ను నోరెళ్ళబెట్టేలా చేసింది. పరుగు కాదు, నడకే. ఎప్పుడూ ఒక కాలు నేల మీద ఉండాలి, ముందుకు వేసిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు. నేర్పడానికి నేను తంటాలు పడతాననుకుంటే, ఆ పిల్ల మూడు నెలల్లో పట్టేసింది. క్రీడా హాస్టల్లో సీటు కూడా వచ్చింది. ఇక వాళ్ళ నాన్న సంతకమే మిగిలింది.

ఆయన రైతు, ఎద్దులంటే ప్రాణం. చుట్టుపక్కల బండలాగుడు పందేలు ఎక్కడ జరిగినా మైకు పట్టేది ఆయనే. నా మాట విని పకపకా నవ్వాడు.

"ఏందీ, నడిచేదానికి గూడ పోటీనా సార్? మా ఆడోళ్ళు దినామూ చేనికాడికి నడుస్తాండారు. వాళ్ళకు ఎవురిచ్చినారు మెడల్?"

"నవ్వొద్దన్నా. ఆదివారం ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ నడక ఉంది. మన దేశం పిల్ల కూడా నడుస్తుంది. చూసి మాట్లాడు."

"సరే. టీవీలో చూపిస్తే పంపుతా."

అంత పెద్ద పోటీ చూపించక ఎక్కడికి పోతారులే అనుకున్నాను. ఆ నమ్మకమే నా కొంప ముంచింది.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో కూర్చున్నాం. పోటీ మొదలైంది. ఆయన మంచం మీద ముందుకు జరిగాడు. "అబ్బ, ఆ నడుము బలం చూడు సార్!" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ప్రకటనలు. అవి అయ్యాక కోట్లు వేసుకున్న నలుగురు పెద్దమనుషులు కూర్చుని, ముందురోజు వచ్చిన పతకం గురించి మొదలుపెట్టారు. ఆ ఆటగాడు చిన్నప్పుడు ఏం తిన్నాడో, వాళ్ళమ్మ ఏ స్వీటు చేసిందో, చెప్పిందే చెప్పారు. ఛానెల్ మారిస్తే అక్కడా అదే స్వీటు! నాకు ఒళ్ళు మండిపోయింది. నా ఫోనులో వెతికితే తెర మీద చక్రం గుండ్రంగా తిరగడం తప్ప ఏమీ రాలేదు. ఆ పిల్ల గంటన్నర పాటు గడప దగ్గరే నిలబడింది.

చివరికి ఒకే ఒక్క వాక్యం చదివారు. నడకలో మన అమ్మాయి నిరాశపరిచింది, ముప్పై ఎనిమిదో స్థానం. వెంటనే సిమెంటు ప్రకటన.

ఆయన లేచి టీవీ కట్టేశాడు.

"సార్, మా పందెంలో కడపటి జత గూడ ఎన్ని అడుగులు లాగిందో అందరికీ చెప్తాం. ఎద్దు నడిమద్దెలో పండుకున్నా సరే, దాని వీపు నిమిరి పంపుతాం. అంత దూరం నడిచిన ఆడబిడ్డను వీళ్ళు నిరాశ అంటాండారు. రేపు నా బిడ్డనూ అంటారు. నేను పంపను."

"తప్పు ఆటది కాదన్నా, టీవీ వాళ్ళది."

"ఊరంతా చూసేది ఆ టీవీనే గదా సార్."

టీవీని సాక్ష్యానికి పిలిచింది నేనే మరి. తల కొట్టేసినట్లయింది.

ఆ పిల్ల నాతో పాటు బస్సు దాకా వచ్చింది. ఏడవలేదు. "ఆయమ్మ ఎనక ఎంతమంది ఉండారు సార్?" అని మాత్రం అడిగింది. తెలియదన్నాను.

నంద్యాల చేరాక ఫోను పనిచేసింది. వెనకాల ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. మరునాడు పొద్దున్నే బడిలో ఆ పిల్లకు చెప్పాను, కొంచెం సంతోషిస్తుందని.

"ఆ తొమ్మిది మందినీ వాళ్ళ దేశాల్లో ఏమన్నారో సార్, పాపం."

శనివారం ఆ సీటు ఇంకో పిల్లకు ఇచ్చేశారు.