జీడిపిక్కల దండ

మా పెద్ద తోడికోడలు పోయిందన్న కబురు నేను టెక్కలిలో మా పుట్టింట్లో ఉండగా అందింది. మా అత్తవారి ఊరు పూండి నుంచి వచ్చిన మనిషి అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి మరీ చెప్పాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. "ఇంక మా ఇంటికి చుట్టాలెందుకొస్తారు?" అన్నాను. అది ముప్పై ఏళ్ల అసూయ. దాచుకోవడం దేనికి, ఆవిణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆవిడ మా బావగారి భార్య. మా వైపు అక్కను పిలిచినట్టు అప్పా అని పిలిచేదాన్ని. చదువు లేదు, పాట అంతంతమాత్రం. నేను హార్మోనియం నేర్చుకుని, పెట్టెతో సహా కాపురానికి వచ్చినదాన్ని. చుట్టాలొచ్చినప్పుడు పెట్టె తెరిచి కూర్చుంటే ఇద్దరు ముసలమ్మలు నా ముందు కునికేవారు. మిగతా ఇల్లంతా వెనక వసారాలో అప్ప చుట్టూ చేరేది.

పోనీ, ఆవిడ దగ్గరున్న సామాను ఏపాటిది? ఒక గుడ్డ సంచిలో ఏళ్ల తరబడి ఎండి, చేతుల్లో నలిగి నున్నబడ్డ జీడిపిక్కలు, మూడు కొబ్బరి చిప్పలు, గుప్పెడు ఈనెలు. పిక్కలు గుప్పిట్లో మూసి "సరా, బేసా?" అనేది. చిప్ప కింద పిక్క దాచి చిప్పలు గిరగిరా మార్చేది. కుప్పపోసిన ఈనెల్లోంచి పక్కది కదలకుండా ఒక్కొక్కటే తీయమనేది. ఓడినవాళ్లు మొగుడి పేరు చెప్పాలి, లేదా అత్తగారి నడక నడిచి చూపాలి. గడుసువాళ్లు కావాలనే ఓడిపోయేవారు. వజ్రపుకొత్తూరు నుంచి వచ్చిన ఒకావిడ అత్తగారి ఎదుటే ఆవిడ నడక నడిస్తే, అందరికంటే ముందు పగలబడి నవ్వింది ఆ అత్తగారే.

"సుట్టాలకి బూరెలెడితే పొట్ట నిండుతాది సెల్లీ, ఆటెడితే ఇల్లు నిండుతాది" అనేది అప్ప. నన్నూ పిలిచేది. "ఆ పెట్టి మూసీసి రాయే. నీతోటి ఒక్క ఆట ఆడాలని ఉంది నాకు." నేను వెళ్లేదాన్ని కాదు.

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు మా ఆడబిడ్డ పెళ్లయింది. మగపెళ్లివారు మా టెక్కలివాళ్లే. ఐదు రోజుల పెళ్లి. నా ఊరివాళ్లు కూడా ఆవిడ చుట్టూనే మూగితే నేను తల ఎక్కడ పెట్టుకోవాలి? అందుకని కొత్త ఆట కనిపెట్టాను. ఆడవాళ్లందరి మెడలోనూ జీడిపిక్కల దండ వేస్తాను. నా హార్మోనియం ఆగేలోగా పక్కవాళ్ల దండ లాగి తమ మెడలో వేసుకోవాలి. అప్ప సంచి అడగడం నామోషీ అనిపించింది. తోటలో అప్పుడే రాలిన పిక్కలు ఏరి తెచ్చి, గది తలుపేసుకుని, దబ్బనంతో గుచ్చాను.

పచ్చి జీడిపిక్కకు కన్నం పడితే కారే రసం నిప్పులాంటిదని జీడితోటలున్న మా అత్తవారి ఉద్దానంలో పసిపిల్లకైనా తెలుసు. వరిచేల మధ్య పెరిగిన నాకు తెలియదు, మా టెక్కలివాళ్లకీ తెలియదు. ఇంట్లోవాళ్లేమో అవి అప్ప సంచిలోని ఎండు పిక్కలే అనుకున్నారు. ఆట బ్రహ్మాండంగా సాగింది. ఆ ఒక్క పూట ఇల్లంతా నా ముందు కూర్చుంది. సాయంత్రానికి మెడలు మండసాగాయి. మర్నాటికి వియ్యపురాలి మెడ చుట్టూ బొబ్బలు.

"ఈ దండలు గుచ్చిందెవులు? ఇది పెల్లా, పగా? బల్లు కట్టండి, ఎల్లిపోతాం" అని ఆవిడ వాకిట్లో నిలబడింది. మా అత్తగారి మొహాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. నా వేళ్లు జీడి మరకతో నల్లగా కమిలిపోయి ఉన్నాయి. అప్ప గబగబా నా పక్కకు వచ్చింది. నా చెయ్యి పట్టుకుని, వేళ్లు కనపడకుండా గుప్పిట మూసి, గట్టిగా నొక్కి వదిలింది.

"నానే గుచ్చినాను పిన్నమ్మా. ఎండిపోనాయనుకున్నాను. నా బుద్ధి గడ్డి తినీసినాది. ఓడిపోనాను, సిచ్చ ఎయ్యి" అంది. రోజూ జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే ఆవిడ వేళ్లు ఎప్పుడూ నల్లనే, ఎవరికీ అనుమానం రాలేదు. తర్వాత కొబ్బరినూనె గిన్నె పట్టుకుని, అచ్చం ఆ వియ్యపురాలి నడకే నడుస్తూ ఎదురెళ్లింది. ఆవిడ కాసేపు పళ్లు బిగబట్టి, ఆపుకోలేక నవ్వేసింది. బళ్లు కట్టలేదు.

ఆనాటి నుంచి అప్పకు జీడిదండ కోడలని పేరు పడిపోయింది. చుట్టాలు ముద్దుగా అలాగే పిలిచేవారు. ఆవిడ ఎవరికీ నిజం చెప్పలేదు, నా దగ్గర ఆ ఊసే ఎత్తలేదు. నేను కృతజ్ఞత చెప్పలేదు సరికదా, ఇంకా కుళ్లుకున్నాను. తప్పు నాది, పేరు ఆవిడది.

మొన్న పన్నెండో రోజున చుట్టాలంతా మళ్లీ ఆ దండల సంగతే చెప్పుకుని నవ్వి, ఏడ్చారు. వియ్యపురాలు ఇప్పుడు పండు ముసలి. నేనిక ఉండబట్టలేక లేచి, "ఆ దండలు గుచ్చింది నేను" అన్నాను.

ముసలావిడ నా తల నిమిరింది. "ఊరుకోమ్మా. సచ్చిపోనాది కదా అని దాని తప్పు నీ మీదేసుకుంతన్నావు. దాని కాడ బాగానే నేర్సుకున్నావు."

అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ ఇంట్లో నన్ను అందరూ ఒక్కసారిగా మెచ్చుకోవడం అదే మొదలు. అదీ అప్ప సొమ్మే.

వాళ్లు వెళ్లాక వెనక వసారాలో ఆవిడ సంచి దొరికింది. గుప్పెడు పిక్కలు తీసి మూశాను. నున్నగా, చల్లగా ఉన్నాయి.

"సరా, బేసా, అప్పా?" అన్నాను. గుప్పిట విప్పడానికి చేతులు రాలేదు.