నాచిముత్తు చీటీ

నాచిముత్తన్న ఉద్యోగం మానేసి ఏడేళ్ళయింది. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడగాల్సినవాళ్ళకి ఆయన పేరైనా గుర్తుందో లేదో. నా కడుపుమంట చల్లారక రాస్తున్నాను, అంతే.

కోయంబత్తూరులో గణపతి అనే పేట వైపు మా పంపుల ఫ్యాక్టరీ. నేను అక్కడ టైపిస్టుగా చేరి, తర్వాత ప్లానింగ్ సెక్షన్‌కి మారాను. నాచిముత్తన్న టెస్టింగ్ షెడ్డుకి పెద్ద. బోరుబావిలో దిగే ప్రతి మోటారూ ముందు ఆయన చేతి కింద నడవాల్సిందే. మోటారుని నీళ్ళ తొట్టిలో ముంచి, వోల్టేజీ మూడువందలకి దించి, గంటసేపు తిప్పేవాడు. మిగతా కంపెనీలవాళ్ళు కరెంటాఫీసు ఇస్తామనే నాలుగువందల పదిహేను దగ్గర పది నిమిషాలు తిప్పి లారీ ఎక్కించేసేవారు. ఆ మాటంటే ఆయనకి ఒళ్ళు మండేది. కాంగేయం పల్లెల్లో నాలుగువందల పదిహేను వచ్చిన రోజు నాకు చెప్పండి, ఆ రోజు నేనూ పది నిమిషాలే తిప్పుతాను అనేవాడు.

గంటసేపు తట్టుకున్న మోటారుకి పసుపుపచ్చ చీటీ కట్టి సంతకం పెట్టేవాడు. ఆ సంతకమూ ఏమంత గొప్పగా ఉండదు, బడి పిల్లవాడి రాతలా ఉంటుంది. అయినా పల్లడం, తారాపురం, కాంగేయం వైపు రైతులు దుకాణానికి వెళితే కంపెనీ పేరు అడిగేవారు కారు. నాచిముత్తు చీటీ ఉందా అని అడిగేవారు.

ఆయన షెడ్డులో ఒక గోడ ఉండేది. ఊళ్ళలో కాలిపోయిన మోటార్ల నుంచి తీసిన కాయిల్స్ అన్నీ ఆ గోడకి మేకులు కొట్టి వేలాడదీసేవారు. నల్లగా మాడి, కంపు కొట్టేవి. ఒక్కోదానికీ ఊరి పేరు, కరెంటు ఎంత వచ్చింది, ఎన్నాళ్ళు నడిచింది అని ఒక అట్టముక్క. శుక్రవారం యంత్రాలకి పూజ చేసి సాంబ్రాణి వేశాక పెద్ద ముదలాళి, అంటే మా కంపెనీ పెట్టిన ఆసామి, కర్పూరం కళ్ళకద్దుకుని నేరుగా ఆ గోడ ముందుకొచ్చి బోర్లించిన మోటారు డొల్ల మీద కూర్చునేవాడు. ఈ వారం ఏం కాలింది అనేవాడు. ఒక శుక్రవారం మూలనూరు నుంచి వచ్చిన పదకొండు కాయిల్స్ ఒకే చోట మాడి కనిపించాయి. పై వారానికల్లా తీగ మందం ఒక నంబరు పెరిగింది. మా కంపెనీలో ఏం చెయ్యాలన్నది అలా తేలేది. దానికి పేరేమిటో అప్పట్లో మాకెవరికీ తెలియదు.

పెద్ద ముదలాళి పోయాక ఆయన కొడుకు, మా చిన్న ముదలాళి సెంథిల్‌నాథన్ వచ్చాడు. చదువుకున్నవాడు, మంచివాడు కూడా. ఆయన వచ్చాకే దానికి వ్యూహం అని పేరుందని మాకు తెలిసింది. అది ఒకటి కాదు, మూడు. కంపెనీకొకటి, డివిజన్‌కొకటి, డిపార్ట్‌మెంటుకొకటి. పైదాన్ని చూసి కిందివాళ్ళు తమది రాసుకోవాలి. పెద్దవాళ్ళు కొండ మీద కూనూరు హోటల్లో మూడు రోజులు కూర్చుని మొదటిది రాసుకొచ్చారు. మూడూ టైపు చేసింది నేనే.

మొదటి కాగితంలో చిన్న ముదలాళి స్వయంగా రాసిన మాట ఇది: "మన పంపు కొన్న రైతుకి ఫిర్యాదు చెయ్యాల్సిన అవసరమే రాకూడదు." అబద్ధం ఎందుకు చెప్పాలి, టైపు చేస్తుంటే నా గుండె నిండింది. వాళ్ళ నాన్న పోలేదనుకున్నాను.

ఆ కాగితం డివిజన్ మేనేజరు జయశీలన్ దగ్గరికి వెళ్ళింది. అవసరాన్ని ఎలా కొలుస్తామమ్మా, ఏదో ఒక అంకె ఉండాలి కదా అన్నాడు. రెండో కాగితంలో అది "ఫిర్యాదులు నలభై శాతం తగ్గాలి" అయింది. దాని కిందే ఇంకొకటి: గుజరాత్ పంపులతో పోటీకి తీగ మందం ఒక నంబరు తగ్గాలి, టెస్టింగు పది నిమిషాల్లో అయిపోవాలి. మూడో కాగితం సర్వీసు డిపార్ట్‌మెంటుది. నలభై ఎలా తగ్గుతుందా అని వాళ్ళు నాలుగు రోజులు తల పట్టుకుని, చివరికి ఫిర్యాదు ఫారం మార్చేశారు. తక్కువ వోల్టేజీ వల్ల కాలిన మోటారు ఫిర్యాదు కిందికి రాదు, వాడినవారి పొరపాటు అని రాసుకోవాలి. ఇక ఊళ్ళు తిరిగే మెకానిక్కులకి కాగితం కూడా అక్కర్లేకపోయింది. వాళ్ళు రాయడమే మానేశారు.

ఎవరూ అబద్ధం ఆడలేదు. పైనుంచి వచ్చినదాన్ని ఎవరికి అందినంత వాళ్ళు కత్తిరించుకున్నారు. నేను శుభ్రంగా, తప్పుల్లేకుండా టైపు చేశాను.

నాచిముత్తన్న ఒప్పుకోలేదు. జయశీలన్ షెడ్డుకే వచ్చాడు, నేను ఫైలు పట్టుకుని వెనకాల. నాచిముత్తన్న తొట్టి పక్కన నిలబడి ఉలవచారు అన్నం తింటున్నాడు. మా ఊళ్ళో తిట్టినా 'అండి' చేర్చే తిడతారు కాబట్టి వినేవాళ్ళకి అది తగాదాలా అనిపించదు.

"మీ టెస్టు మంచిది కాదని ఎవరన్నారన్నా? పైన రాసినదాంట్లో మూడొందల వోల్టుల మాట లేదండి, అంతే."

"పైన రాసినదాంట్లో రైతు ఉన్నాడు కదండీ. ఆయనకొచ్చేది మూడొందలే."

"అది కరెంటాఫీసు వాళ్ళ వ్యూహమన్నా. మనది కాదు."

నాచిముత్తన్న డబ్బా మూత పెట్టి చెయ్యి కడుక్కున్నాడు. నా చీటీ తీసేయండి, తర్వాత మీ ఇష్టం వచ్చినట్టు తిప్పుకోండి అన్నాడు. అది కుదరదన్నాడు జయశీలన్. దుకాణాల్లో అడిగేదే ఆ చీటీ. అప్పుడు నెమ్మదిగా అసలు సంగతి బయటపెట్టాడు. పది నిమిషాల టెస్టుకి ముగ్గురు చాలు. షెడ్డులో ఉన్నది ఏడుగురు. అన్న సరేనంటే ఏడుగురూ అక్కడే ఉంటారు, లేకపోతే నలుగురు ఫౌండ్రీకి పోవాలి. ఆ నలుగురిలో ఒకడికి ఉబ్బసం. ఇంకొకడికి కంటి ఆపరేషన్ అయి నెల తిరగలేదు. ఫౌండ్రీ పొగలో వాళ్ళెన్నాళ్ళుంటారో నాచిముత్తన్నకి తెలుసు, జయశీలన్‌కీ తెలుసు.

మూడోరోజు సంతకం తీసుకురమ్మని తెల్లకాగితమిచ్చి నన్ను పంపారు. చీటీల మీద అచ్చు వేయించడానికి.

"వల్లీ, ఈ సంతకం ఎన్ని మోటార్లకమ్మా?"

"ఈ విడతకి లక్షన్నా."

"లక్షా," అని నవ్వాడు. "ఉండమ్మా, పెన్ను సరిగ్గా రాస్తుందో లేదో చూస్తాను."

పెట్టాడు. వద్దన్నా అని ఒక్కమాట అనాల్సింది. నేనూ జీతం మనిషినే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆ నెలలోనే గోడ కూడా పోయింది. బయటినుంచి వచ్చేవాళ్ళకి కాలిన సరుకు చూపించుకోవడమేమిటని కాయిల్స్ పాతసామాను లారీలో వేశారు. గోడకి నీలం రంగు కొట్టి, చిన్న ముదలాళి రాసిన ఆ మాటని పెద్ద అక్షరాల్లో రాయించారు.

ఎండాకాలం వచ్చింది. చిత్తిరై మాసంలో, అంటే ఏప్రిల్ ఎండల్లో, ఒక మధ్యాహ్నం గేటు దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని ఉందని కబురొచ్చింది. పేరు రామాత్తాళ్, కాంగేయం పక్క ఊరు, ఎకరన్నరలో చిన్న ఉల్లి, అదే సాంబారు ఉల్లి, వేసింది. బోరులో మోటారు కాలిపోయి ఆరు రోజులైంది. మెకానిక్కు వచ్చి చూసి, మీ కరెంటు తప్పు అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆవిడ మోటారు తీసుకురాలేదు, పసుపు చీటీ మాత్రం కొంగున ముడేసుకుని రెండు బస్సులు మారి వచ్చింది. నాచిముత్తన్న వెళ్ళేసరికి లేచి నిలబడి ముడి విప్పింది.

"తమ్ముడూ, ఇందులో ఉన్నది మీ పేరేనాండి?"

ఆయన అవునన్నాడు.

"మా ఆయన ఉన్నప్పుడు కొన్నదానికీ ఇదే ఉండేదండి. పద్నాలుగేళ్ళు నడిచింది. ఇది పద్నాలుగు వారాలు నడవలేదు. మీరు చూసే కట్టారు కదండీ?"

ఆవిడ నిలదీయలేదు. తెలియక అడిగింది. గేటు దగ్గర రాద్దామని సెక్యూరిటీ వాడు ఫిర్యాదు ఫారం తీస్తే, కరెంటు తప్పు ఫిర్యాదు కాదు కాబట్టి దానికి అందులో గడి లేదు. ఆవిడ వచ్చినట్టు ఎక్కడా నమోదు కాలేదు.

నాచిముత్తన్న ఆ సాయంత్రమే సెలవు రాసిచ్చి, మందపాటి తీగ సొంత డబ్బుతో కొనుక్కుని ఆవిడతో పాటు బస్సెక్కాడు. మూడు రోజులు అక్కడే ఉండి, మోటారు పైకి లాగించి, వాకిట్లో చాప వేసుకుని కూర్చుని పాత లెక్క ప్రకారం కాయిల్ చుట్టాడు. నాలుగోరోజు నీళ్ళొచ్చాయి. చేలో మాత్రం ఉల్లి ఎప్పుడో ఎండిపోయింది. ఆవిడ కొత్త కుండలోంచి మజ్జిగ పోసిందట. ఆ మజ్జిగ తాగడమే కష్టమైంది వల్లీ అన్నాడు తిరిగొచ్చాక. కాలిన కాయిల్ సంచీలో వేసుకుని తెచ్చుకున్నాడు, ఆవిడిచ్చిన చీటీతో సహా.

సంవత్సరం చివర లెక్క తేలింది. ఫిర్యాదులు నలభై కాదు, నలభై ఆరు శాతం తగ్గాయి. అవినాశి రోడ్డు హోటల్లో సభ పెట్టి టెస్టింగు షెడ్డుకే మొదటి బహుమతి ఇచ్చారు. నాచిముత్తన్నని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. జయశీలన్ ఈల వేశాడు. ఆయన శాలువా తీసి మడిచి చంకలో పెట్టుకుని దిగిపోయాడు.

కొత్త ఏడాదికి మళ్ళీ కూనూరు. ఈసారి పైనుంచి వచ్చిన మాట, "రైతు దగ్గరికి తిరిగి వెళ్దాం." పంపుల అమ్మకం కాంగేయం వైపు పడిపోయింది, కారణం పైన ఎవరికీ అర్థం కాలేదు. అందుకని మా పాత ఆచారాన్ని గుర్తు చేసుకుంటూ హెడ్డాఫీసు ముందుగదిలో ఒక గోడ కట్టించారు. కొత్త రాగితీగతో కాయిల్స్ చుట్టించి, తళతళా మెరిసేట్టు తోమించి, చిన్న దీపాల కింద వేలాడదీశారు. ఊళ్ళ పేర్లు కూడా రాయించారు. ప్రారంభం రోజున దాని గురించి నాలుగు మాటలు చెప్పడానికి నాచిముత్తన్నని రమ్మన్నారు.

ఆయన వచ్చాడు. చిన్న ముదలాళి మాట్లాడమంటే, సంచీలోంచి మాడిపోయిన ఆ కాయిల్ తీసి, మధ్యలో మెరుస్తున్న ఒకదాన్ని దించి, దాని మేకుకి తగిలించాడు. చీటీ దానికే కట్టి ఉంది. గదంతా కాలిన వాసన వచ్చింది. ఆయన అందరికీ నమస్కారం పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. రాజీనామా పోస్టులో వచ్చింది.

కాయిల్ తీసేస్తారేమో అనుకున్నాను. తియ్యలేదు. వచ్చినవాళ్ళందరూ దాని ముందే ఆగి ఫొటోలు తీసుకుంటున్నారు. నిజమైనదిలా ఉంది, ఉండనీ అన్నాడు చిన్న ముదలాళి. చీటీ మీద మాత్రం కంపెనీ గుర్తూ తయారైన తేదీ స్పష్టంగా కనిపిస్తున్నాయట, అది ఒక్కటీ బాగుండదన్నాడు జయశీలన్.

వాళ్ళు నా వైపు చూశారు. నేను స్టూలు తెచ్చుకుని ఎక్కి, ముడి విప్పి, చీటీ తీసేశాను.