ఉక్కు పంజా చెయ్యి

మావయ్య పోయిన సంగతి నాకు మధురవాడలో మా ఆఫీసు మెట్ల మీద తెలిసింది. సోమవారం పొద్దున్న. లిఫ్టు దగ్గర రద్దీగా ఉంటే మెట్లెక్కుతున్నాను. అత్త ఫోను.

"ఒలే, మీ మావయ్య లెగటం లేదే. టీ ఎట్టి పిలిచినాను, పలకలేదు. నాటకాలాడతన్నాడనుకుని మొకం మీద నీల్లు కూడా సల్లినానే..."

ఆ తర్వాత ఆమె మాటలు ఏడుపులో కలిసిపోయాయి. డాక్టరు వచ్చి చూసి, నిద్రలోనే గుండె ఆగిందన్నాడు. అత్త మాత్రం ఇప్పటికీ ఆ నీళ్ళు చల్లిన సంగతే తలుచుకుని కుమిలిపోతోంది. ఆమె తప్పేమీ లేదు. ఇరవై ఏళ్ళుగా మా మావయ్య ఆ ఇంట్లో పడిపోతూనే ఉన్నాడు. కూర బాగోలేదని పడిపోయేవాడు. కరెంటు బిల్లు చూసి పడిపోయేవాడు. అత్త కొంగుతో రెండు తగిలిస్తే లేచి నవ్వేవాడు. పడిపోవడం ఆయన విద్య.

ఆయన మా అమ్మకి తమ్ముడు. హార్బర్లో ఖలాసీ. ఓడల్లోంచి సరుకు దింపేటప్పుడు ఇనపతాళ్ళు కట్టే పని. ఆదివారాలు మాత్రం ఆయన 'ఉక్కు పంజా'. ఊళ్ళలో అమ్మవారి తీర్థాలప్పుడు, కంపెనీ మైదానాల్లో జరిగే కుస్తీ ఆటల్లో మీలో కొందరు ఆయన్ని చూసే ఉంటారు. ఎవరు గెలవాలో ముందే అనుకుని ఆడే కుస్తీ అది. పదిమంది మనుషులు, ఒక వ్యాను, ఒక మైకు.

మొదట్లో ఆయన మామూలు కుస్తీవాడే. తర్వాత జనం చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. పంజరంలో నిజంగా రక్తాలు కారేలా కొట్టుకునే ఫైటర్లని చూసిన కళ్ళకి మావాళ్ళ ఆట చప్పబడింది. 'ఫేకు, ఫేకు' అని అరిచేవారు. అప్పుడే మావయ్య ఆ ఫైటర్ల వేషం కట్టాడు. వేళ్ళు కనిపించే గ్లవుజులు, పళ్ళకి రబ్బరు కవచం, గుండు. మైకు పట్టుకునే ఆయన 'రష్యా నుంచి వచ్చిన, ఓటమి ఎరగని కేజ్ ఫైటర్' అని కేకవేసేవాడు. రష్యావాడికి తెలుగు రాదు కదా, అందుకని బరిలో మావయ్య నోరు విప్పేవాడు కాదు. అసలు ఆయనది విశాఖ పక్కన పద్మనాభం దగ్గర పల్లె.

ఇనపమెష్‌తో పంజరం కూడా చేయించారు. దానికి ఎనిమిది వైపులుండాలి మావయ్యా అని నేను చెప్పాను. ఎనిమిది పలకలూ వ్యానులో పట్టలేదు.

"ఆరుంటే ఏటయిద్దే? టికెట్టు కొన్నోడు మూలలు లెక్కెడతాడేటి?"

మా ఇంట్లో బడికెళ్ళిన మొదటి మనిషిని నేనే. మావయ్యకి సంతకం వచ్చు, అంతే. ఫోనులో ఆ ఫైటర్ల వీడియోలు పెట్టుకుని నా పక్కన కూర్చునేవాడు. అందులో ఇంగ్లీషులో చెప్పేది నేను విని తెలుగులో చెప్పేదాన్ని. దిండు పీకకి చెయ్యి మెలేసి సాధన చేసేవాడు. ఏ ఆటలో ఏ దెబ్బ తర్వాత ఏ దెబ్బ రావాలో ఆయన చెబితే నేను కాగితం మీద రాసేదాన్ని. దాన్ని వాళ్ళు 'వరస' అనేవారు. "సదూకున్న గుంట మనింట్లో ఉండగా ఇంకొకల్ని అడగడవేటి," అని ఆ కాగితాన్ని అందరికీ చూపించేవాడు. డిగ్రీ పట్టా తెచ్చినప్పుడు కూడా నాకు అంత గర్వంగా అనిపించలేదు.

ప్రతి శనివారం అరుగు మీద పేపరు పరుచుకుని గోళ్ళు కత్తిరించుకునేవాడు. ఎదుటివాడికి గీరుకోకూడదని. పళ్ళ కవచాన్ని కడిగి అత్త జాకెట్ల మధ్య దండెం మీద క్లిప్పు పెట్టి ఆరేసేవాడు. ఆయన అనే మాట ఒకటుంది. "ఆట అయ్యేదాకా ఆడి మెడ నా సేతిలో ఉంటాది. ఎలగిచ్చినాడో అలగే తిరిగిచ్చీయాల."

అచ్యుతాపురంలో ఆడిన ఆదివారం గురించి ఇప్పుడు చెప్పాలి. చెప్పకుండా ఆయన గురించి రాయడం అబద్ధమే అవుతుంది.

ఆ ఆటకి కొత్తగా గణేష్ వచ్చాడు. మధురవాడలో ఒక జిమ్ములో నిజంగానే ఆ ఫైటింగు నేర్చుకున్న మనిషి. పాతికేళ్ళుంటాయి. వరస ప్రకారం అతను మావయ్య చేతిలో ఓడిపోవాలి. మావాళ్ళు ఒకటే ఆటపట్టించారు.

"నిజమైనోడివి, అబద్ధపోడి సేతిలో ఓడిపోతావేటి బావా?"

"ఓడిపోడానికి కూడా ట్రైనింగ్ ఉండాల బావా," అని నవ్వాడు గణేష్. మావయ్య వెనకనించి తన మెడ పట్టే తీరు చూసి గణేష్ తల అడ్డంగా ఊపాడు. "ఇది దుప్పటి కప్పినట్టుంది. మోసెయ్యి గడ్డం కిందకి రావాల. ఇదిగో, ఇలగ." అని తనే సరిచేశాడు. మావయ్య మురిసిపోయాడు. ఆ పట్టు ఒక్కసారే సాధన చేశారు. షోకి వేళయిపోయింది.

నేను రాసిన కాగితంలో ఇలా ఉంది: ఉక్కు పంజా మెడ పట్టుకుంటాడు. గణేష్ చేత్తో నేల మీద కొడతాడు. రెఫరీ అటు తిరిగి ఉంటాడు, చూడడు. ఉక్కు పంజా పది అంకెల దాకా వదలడు. జనం అరుస్తారు.

నేల మీద చేత్తో కొడితే ఓటమి ఒప్పుకున్నట్టు. గణేష్ నేర్చుకున్న చోట అది ప్రాణం లాంటి నియమం. కొట్టగానే ఎదుటివాడు వదిలేస్తాడు. మావాళ్ళ ఆటలో అది జనం కోసం చేసే అభినయం. మావాళ్ళ అసలు నియమం వేరే. పట్టు పట్టినవాడు ఎదుటివాడి చెయ్యి ఎవరికీ కనపడకుండా రెండుసార్లు నొక్కుతాడు. బాగున్నావా అని అడిగినట్టు. వాడు ఒకసారి తిరిగి నొక్కితే బాగున్నానని. నొక్కకపోతే ఆట అక్కడితో ఆపెయ్యాలి. దాన్ని ఎవరూ కాగితం మీద రాయరు. ఎవరికివారు మొదటి రోజే నేర్చుకుంటారు. గణేష్‌కి ఎవరో ఒకరు చెప్పే ఉంటారని ప్రతివాళ్ళూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

సాయంత్రం ఎండ ఇంకా తగ్గలేదు. ఫ్యాక్టరీల నుంచి వచ్చిన కార్మికులతో మైదానం నిండిపోయింది. నేను మెష్ బయట కాగితం పట్టుకుని నిలబడ్డాను. మావయ్య మెడ పట్టాడు. ఈసారి మోచెయ్యి సరిగ్గా గడ్డం కింద. గణేష్ నేల మీద కొట్టాడు. రెఫరీ అటు తిరిగాడు. జనం 'ఒకటి, రెండు' అని లెక్క మొదలుపెట్టారు.

గణేష్ మళ్ళీ కొట్టాడు. మళ్ళీ మళ్ళీ కొట్టాడు. బాగా చేస్తున్నాడే అనుకున్నాను. అంతలో అతని మడమ కనిపించింది. అప్పటిదాకా నేలని గీకుతున్న మడమ ఆగిపోయింది.

"మావయ్యా, వదిలెయ్!" అని అరిచాను. జనం నా వంక చూసి చప్పట్లు కొట్టారు. అదీ ఆటలో భాగమే అనుకున్నారు. ఈలలు. 'అయిదు, ఆరు.' నా గొంతు నాకే వినపడలేదు.

మావయ్య ఎడమచెయ్యి గణేష్ తల వెనకనించి జారి అతని మణికట్టు మీదికి వెళ్ళడం చూశాను. నొక్కాడు. ఆగాడు. మళ్ళీ నొక్కాడు. ఆయన కళ్ళు ఒక్క క్షణం నావైపు తిరిగాయి. ఆ క్షణంలో ఆయన మనసులో ఏముందో తర్వాత చెప్పాడు. 'ఈడికి నొక్కడం తెలీదేటి? లేపోతే నొక్కలేకపోతన్నాడేటి?' మొదటిదైతే వదిలేస్తే ఆట పాడైపోతుంది. రెండోదైతే...

ఏడు అనకముందే వదిలేశాడు.

గణేష్ బస్తాలాగా పక్కకి ఒరిగిపోయాడు. మావయ్య పళ్ళ కవచం ఊసేసి, ఆ మనిషి కాళ్ళు రెండూ భుజం మీదికెత్తుకుని, ఏళ్ళ తరబడి బరిలో ఎన్నడూ విప్పని నోరు విప్పాడు.

"ఒలే! నీల్లట్టుకురాయే! ఈడికి ఊపిరాడతలేదు! తలుపు తియ్యండిరా!"

లెక్కపెడుతున్న జనం ఆగిపోయారు. తర్వాత ఎవరో అన్నారు: "ఒరే, రష్యావోడన్నారు, ఈడు మనోడేరా!" నవ్వులు మొదలయ్యాయి. మెష్ చుట్టూ ఫోన్లు పైకి లేచాయి. మావయ్యకి అవేవీ వినపడలేదు. గణేష్ చెంపలు తడుతూ "బావా, బావా" అంటూనే ఉన్నాడు. నేను నీళ్ళ సీసా పట్టుకుని లోపలికి పరిగెత్తేసరికి గణేష్ కళ్ళు తెరిచాడు. చుట్టూ చూసి, "రౌండ్ అయిపోయిందేటి?" అన్నాడు.

వ్యానులో తిరిగొస్తున్నాం. మావయ్య రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"నేను కాగితంలో రాసి ఉండాల్సింది మావయ్యా," అన్నాను.

"నాను సెప్పినదే కదే నువ్వు రాసినావు. సెప్పనోడిది తప్పు." చేతులు బయటికి తీసి చూసుకున్నాడు. "ఆడు నేల మీద కొట్టిన ప్రతి దెబ్బా నిజవేనే. నానే నాటకం అనుకున్నాను."

మర్నాడు పొద్దున్నే గణేష్ ఇంటికొచ్చాడు. మెడ మీద ఎర్రగా చార. అతను నిజంగా చెయ్యి చేసుకుంటే మావయ్య ఎముకలు మిగలవని మాకందరికీ తెలుసు. అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఏటి బాబూ, ఏటి పనిమీదొచ్చినావు?" అంది. మావయ్య ఆమెని పక్కకి జరిపి బయటికొచ్చి, చేతులు కిందికి వేలాడేసి నిలబడ్డాడు. కొడితే పడదామన్నట్టు.

గణేష్ అరుగు మీద కూర్చుని చెయ్యి చాపాడు.

"ఏదో నొక్కడం అంట కదా బావా. నాకెవులూ సెప్పలేదు. ఇప్పుడు సెప్పు."

ఆ పూట మావయ్య హార్బరుకి వెళ్ళలేదు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, చిన్నపిల్లలు ఎక్కాలు నేర్చుకున్నట్టు నేర్చుకున్నారు. రెండు నొక్కులు. ఒక జవాబు. అత్త ఇద్దరికీ టీ తెచ్చి పెట్టి లోపలికి వెళ్ళింది.

ఉక్కు పంజా మాత్రం ఆ ఆదివారంతోనే అయిపోయాడు. రష్యా ఫైటరు తెలుగులో కేకలేస్తున్న వీడియో ఫోన్లలో తిరిగింది. ఎక్కడికెళ్ళినా జనం 'నీల్లట్టుకురాయే' అని ఎగతాళి చేశారు. తీర్థాలవాళ్ళు పిలవడం మానేశారు. గ్లవుజులు గణేష్‌కి ఇచ్చేశాడు. ఆయనకి బాధ లేదని నేను రాయను. పళ్ళ కవచం ఆరేసే ఆ దండెం వైపు చూసి చాలా రోజులు ముఖం తిప్పుకునేవాడు. ఒకసారి ధైర్యం చేసి, బాధగా ఉందా అని అడిగాను.

"ఏసం పోతే పోయింది," అన్నాడు. "మెడ మిగిలింది కదే."

తర్వాత కూడా ఆదివారాలు వ్యానులో వెళ్ళేవాడు. కొత్తగా చేరినవాళ్ళకి పడడం నేర్పేవాడు. శనివారం గోళ్ళు కత్తిరించుకోవడం మానలేదు. ప్రతి వరస కాగితంలోనూ మొదటి వాక్యం ఒకటే రాయించేవాడు: 'ముందు చెయ్యి నొక్కడం నేర్పాలి.' రాశాక చదివించుకుని వినేవాడు. అది అక్కడుందో లేదో ఆయనకి కళ్ళతో చూస్తే తెలియదు కదా. నా గొంతులో వింటేనే నమ్మకం. నేను చదివిన చదువుకి అంతకంటే పెద్ద పని ఇంకా దొరకలేదు.

సోమవారం నేను వెళ్ళేసరికి ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టారు. వ్యాను మనుషులందరూ వచ్చారు. మైకు పట్టుకునే ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మధ్యాహ్నం బయల్దేరదీసే వేళకి గణేష్ వచ్చాడు. మావయ్య పక్కన కూర్చుని ఆయన కుడిచెయ్యి తన ఒళ్ళోకి తీసుకున్నాడు. మొన్న శనివారమే కత్తిరించుకున్న గోళ్ళు.

రెండుసార్లు నొక్కాడు.

అత్త ఏడుపు ఆపింది. అరుగు చుట్టూ నిలబడ్డ మేమందరం ఆ వేళ్ళ వంకే చూస్తూ ఉండిపోయాం.