నా సంచిలోని ముప్పై ఏడో పేజీ

ఒక కాగితం ఎంత బరువుంటుంది? తక్కెట్లో వేస్తే ముల్లు కూడా కదలదు. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది అదే, ఒక్క కాగితం. బీరువాలో పట్టుచీరల కింద ఉంది. చీర తీసినప్పుడల్లా కనబడుతుంది. చూడనట్టు మళ్ళీ కప్పేస్తాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను. పేరు మాత్రం అడక్కండి.

మచిలీపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్ని. పుస్తకం చింపిన పిల్లల్ని బెంచీ ఎక్కించేదాన్ని. "చదువుల తల్లి చీర చింపుతావట్రా?" అని చెవి మెలేసేదాన్ని. ఇది ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు నవ్వుకోవడానికి పనికొస్తుంది.

రెండు వేల మూడో, నాలుగో. నాకు ముప్పై దాటాయి. మోచేతుల మీద ఎర్రటి మచ్చలు వచ్చాయి, వాటి మీద తెల్లటి పొలుసులు. తలలో కూడా. సోరియాసిస్ అన్నారు డాక్టరు గారు. తగ్గుతూ పెరుగుతూ ఉంటుందమ్మా, ఎవరికీ అంటుకోదు, దిగులు పెట్టుకోకు అన్నారు. దిగులు పెట్టుకోకుండా ఎలా ఉంటాను? మోచేతులు దాటే జాకెట్లు కుట్టించుకున్నాను. మే నెలలో, బందరు ఉక్కలో, ఆ చేతుల జాకెట్లతో తిరిగాను.

అప్పుడే ఊళ్ళోకి నెట్ సెంటర్లు కొత్తగా వచ్చాయి. మా ఆయన పాపం మంచికే వెళ్ళారు. కోనేరు సెంటర్ దగ్గర గంటసేపు కూర్చుని, డజను కాగితాలు ప్రింటు తీయించుకొచ్చారు. అంతా ఇంగ్లీషు. బొమ్మలు అర్థం కావడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు కదా! ఒళ్ళంతా పుండైపోయిన మనుషుల ఫొటోలు. మా అత్తగారు చూసేశారు. ఆ రోజే నాలుగేళ్ళ మా పాపని తన మంచం మీదకి మార్చేశారు. నాకు కంచం వేరు, దువ్వెన వేరు. పాప నా వైపు పరిగెత్తుకొస్తే మధ్యలోనే ఎత్తుకుని తీసుకెళ్ళిపోయేవారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. మనవరాలంటే ప్రాణం, అంతే. డాక్టరు గారు అంటుకోదన్నారండీ అత్తయ్యగారూ అంటే, "వాళ్ళు అలాగే అంటారు. అచ్చులో ఉంటే చూపించు, నమ్ముతాను" అన్నారు.

అచ్చు మీద నమ్మకం నాకూ ఉంది, ఇప్పటికీ ఉంది. కంప్యూటర్లో జబ్బు గురించి చదవడమంటే ఊబిలో దిగడమే, ఒకటి నొక్కితే ఇంకోటి, దానికి అడుగు లేదు. పత్రికలో అలా కాదు. వ్యాసం ఒకచోట అయిపోతుంది. దాని కింద గుత్తివంకాయ కూర ఎలా వండాలో ఉంటుంది. భయానికి ఒక చివర ఉంటుంది. అందుకే స్కూలు అవగానే లైబ్రరీకి వెళ్ళి ఆరోగ్య మాసపత్రికలు చదివేదాన్ని. ఇంటికి కొని తెచ్చుకుంటే ఏ జబ్బుకోసమని నలుగురూ అడుగుతారని జంకు.

అలా ఒక గురువారం, బజార్లో ఇక దొరకని పాత సంచికలో దొరికింది. ముప్పై ఏడో పేజీ, ప్రశ్నలు జవాబులు. "ఇది అంటువ్యాధి కాదు. కలిసి తిన్నా, కలిసి పడుకున్నా, ముట్టుకున్నా ఒకరి నుంచి ఒకరికి రాదు." మూడుసార్లు చదివాను.

నేను కింద పెట్టగానే ఎదురుగా కూర్చున్నాయన దాన్ని అందుకున్నాడు. నాంచారయ్య గారు. కోడూరు మనిషి, యాభై ఏళ్ళుంటాయి, మిఠాయి కొట్లో తొక్కుడు లడ్డూ చుట్టే పనివాడు. ఆయన అరచేతుల నిండా నా మోచేతుల మీదున్నదే. అక్షరం మీద అక్షరం వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదివాడు. చదివి, ఒక్క ఉదుటున లైబ్రేరియన్ గారి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"సారూ, అంటుకోదంటండీ! అచ్చులో వేశారు! ఈ పుస్తకం ఒక్కపూట ఇవ్వండి, మా షావుకారు గారికి చూపించి తెచ్చేస్తాను."

"పత్రికలు బయటికివ్వకూడదయ్యా. కావాలంటే ఆయన్నే తీసుకురా."

"ఆదివారం పొద్దున్నే తీసుకొస్తానండి. పన్నెండేళ్ళబట్టి లడ్డూ చుడుతున్నాను. ఈ చేతులు చూసి పక్కన కూర్చోబెట్టేశారు. అచ్చులో చూపిస్తే మళ్ళీ పనిలో కూర్చోమన్నారు."

నేను విన్నాను. ఇది గుర్తుపెట్టుకోండి. ప్రతి మాటా విన్నాను.

జిరాక్స్ తీయించుకోవచ్చు కదా అంటారా? ఈ ప్రశ్న నేను వెయ్యిసార్లు వేసుకున్నాను. ఏ పేజీ అమ్మా అని లైబ్రేరియన్ గారు అడుగుతారు. ఆయన మేనకోడలు నా క్లాసులోనే చదువుతోంది. టీచరుకి చర్మవ్యాధని ఊళ్ళో తెలిస్తే? శనివారం సాయంత్రం లైబ్రరీలో కూర్చుని పెన్సిళ్ళు చెక్కే బ్లేడు తీశాను. చప్పుడు వినబడకుండా దగ్గుతూ కోశాను. ఆదివారం తలుపులు తీసే వేళకి వచ్చి మళ్ళీ లోపల పెట్టేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. అనుకున్నానని ఇప్పుడు చెప్పుకుంటున్నానా? లేదు, అనుకున్నాను.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. అడుగున పత్రిక పేరు ఉందో లేదో చూశారు. పాప దిండు తెచ్చి నా మంచం మీద వేశారు.

పొద్దున్న లేచేసరికి పాప తల నా మోచేతి మీద, సరిగ్గా ఆ మచ్చల మీద. నాలుగు నెలల తర్వాత. చెయ్యి తీస్తే లేస్తుందని కదల్లేదు. ఇంకో ఐదు నిమిషాలు అనుకున్నాను. ఎనిమిదైంది. తొమ్మిదైంది. కావాలనే పడుకున్నానా? ఏమో. ఆ బరువు అంత హాయిగా ఉంది మరి.

లైబ్రరీ మెట్లెక్కేసరికి వాళ్ళు వచ్చేసి ఉన్నారు. షావుకారు గారు పత్రిక తిరగేస్తున్నారు. ముప్పై ఆరు తర్వాత ముప్పై తొమ్మిది. నాంచారయ్య గారు కోసిన అంచు మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయాడు. నన్ను చూడగానే ఆయన మొహం వెలిగింది.

"టీచరమ్మ గారూ! మొన్న మీరూ ఇదే పుస్తకం చదివారు గదండీ. ఆ పేజీ చూశారా అమ్మా?"

పేజీ నా సంచిలో ఉంది. సంచి నా భుజానికి ఉంది.

"లేదండీ. నేను వంటల పేజీ చూసి పెట్టేశాను."

"పేజీ లేకపోతే పోయిందమ్మా, అందులో ఏం రాశారో మీరు ఒక్క ముక్క చెప్పండి. మీరు చదువుకున్నవాళ్ళు, షావుకారు గారు మీ మాట నమ్ముతారు."

చూశారా? పేజీ కూడా అక్కర్లేదన్నాడు. నోటిమాట చాలన్నాడు. దొంగతనం బయటపడకుండానే ఆయన్ని నిలబెట్టే దారి ఆయనే చూపించాడు. నేను గనక నోరు తెరిస్తే, నీకెందుకమ్మా ఆ జబ్బు గురించి అని అడుగుతారేమోనని భయం వేసింది. అడిగితే ఏమవుతుంది? అబద్ధం చెప్పచ్చుగా, అబద్ధాలకి నాకేం కొదవ? అదేమీ తోచలేదు. లేకపోతే తోచనివ్వలేదు.

"నేను చదవలేదండీ" అన్నాను.

షావుకారు గారు కోప్పడలేదు. "ఉందన్నావు, లేదు. నాదేముంది నాంచారయ్యా, కొనేవాళ్ళు చేతులు చూస్తారు" అనేసి మెట్లు దిగిపోయారు.

ఆ తర్వాత కూడా ఆయన కొన్నాళ్ళు లైబ్రరీకి వచ్చి పాత సంచికల కట్టలు విప్పి వెతికాడట. నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకెళ్తే, ఈ ఇంగ్లీషు కాగితాలు ఎవరు చదువుతారని షావుకారు గారు పక్కన పడేశారట. చివరికి కోడూరు వెళ్ళిపోయాడట. ఇవన్నీ లైబ్రేరియన్ గారు చెప్పారు. "ఎవడో దుర్మార్గుడమ్మా, బ్లేడుతో కోశాడు" అని కూడా అన్నారు. నేను అయ్యో అన్నాను.

నాలుగేళ్ళ తర్వాత పామర్రు బస్టాండులో కనబడ్డాడు. నేను గుడివాడ పెళ్ళికి వెళ్తున్నాను. ఆయనే గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. రొయ్యల చెరువు మీద మేత వేసే పనట. ఉప్పునీళ్ళు తగిలి అరచేతులు నెర్రెలిచ్చి ఉన్నాయి. చూడలేక, చిల్లర కోసమన్నట్టు సంచిలో చెయ్యి పెట్టాను. జాకెట్టు చెయ్యి పైకి జరిగింది.

"మీకూ ఉందా అమ్మా?" అన్నాడు మెల్లగా.

"కుక్కర్ ఆవిరి కొట్టిందండీ."

కాసేపు నా మొహంలోకి చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు కొరుకుడు పడలేదు. అన్నీ తెలిసిన చూపా, ఏమీ తెలియని చూపా?

"భయపడకండమ్మా" అన్నాడు. "ఇది అంటువ్యాధి కాదు. కలిసి తిన్నా, కలిసి పడుకున్నా, ముట్టుకున్నా ఒకరి నుంచి ఒకరికి రాదు. అచ్చులో వేశారు. నా కళ్ళతో చదివాను."

అక్షరం పొల్లు పోలేదు. ఒక్కసారి చదివిన మనిషి. ఇంతలో గుడివాడ బస్సు వచ్చింది, ఎక్కేశాను. సీటు దొరికింది కూడా.

ఇప్పుడు మా ఇంట్లో కంప్యూటర్ ఉంది. పాప ఎదిగింది. మొన్న ఏదో నొక్కి అదే వాక్యం చూపించింది, క్షణంలో, తెలుగులోనే. "ఎవరికీ అంటుకోదంటమ్మా, దీనికోసం ఎండాకాలం కూడా ఆ జాకెట్లేంటి?" అంది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. కోడూరుకి బస్సులున్నాయి. ఎక్కలేదు. ఎక్కుతానని మీకు మాట ఇవ్వలేను. ఇస్తే అది ఇంకో అబద్ధం అవుతుందేమో. క్షమించమని అడగడానికి కూడా ఒక అర్హత ఉండాలి. ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలియదు. ఆయన చేతులు ఎలా ఉన్నాయో తెలియదు.

ఆయన అడిగింది ఒక్క మాట. జవాబు చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఇదిగో, చెబుతున్నాను.

చూశాను, నాంచారయ్య గారూ. చదివాను. నేనే కోశాను. మీరు అడిగినప్పుడు అది నా సంచిలోనే ఉంది.